అప్పీలుకి మూడు రోజులుందనగా

“వెళ్లిపోండి నానాయ్. ఈ గుమ్మం తొక్కొద్దు,” అంది జోవెలిన్, కుట్టు మిషను ముందు నుంచి లేవకుండానే.

గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ కదల్లేదు. సెబూ నగరం రేవులో పడవ దిగి నేరుగా వచ్చినట్టుంది, గౌను అంచులు ఉప్పునీటికి తడిసి ఉన్నాయి. పేరు పానింగ్. జోవెలిన్ పుట్టిన దీవిలో కాన్పులు చేసేది ఆవిడే, అందుకే అక్కడ అందరికీ నానాయ్, అమ్మ. నాలుగేళ్ల కిందట జోవెలిన్‌ని ఆ దీవి రేవు దగ్గర వ్యాన్‌లోకి లాక్కెళ్లి చెరిచిన నలుగురిలో ఒకడు, దాదోయ్, ఈవిడ కొడుకు.

నలుగురికీ యావజ్జీవం పడింది. నలుగురూ అప్పీలుకి వెళ్లారు. గురువారం విచారణ.

“కాస్త కూర్చోనీ ఇందాయ్. మోకాళ్లు లాగేస్తున్నాయి.”

“ఇందాయ్ అనకండి. నేను మీ ఇంటి ఆడపిల్లని కాను.”

“మరేమని పిలవను? నీ బొడ్డు కోసింది నేనే.”

అడక్కుండానే వచ్చి స్టూలు మీద కూర్చుంది. సంచీలోంచి అరటాకులో చుట్టిన బుద్‌బుద్ తీసి బల్ల మీద పెట్టింది. కొబ్బరిపాలలో ఉడికిన జిగురన్నం వాసన కొట్టు నిండా పరుచుకుంది. జోవెలిన్‌కి నోరూరింది, వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది.

ఈ నగరానికీ సముద్రముంది. కానీ దాన్నిండా డీజిలు కంపే. దీవి మొహం చూసి మూడేళ్లు దాటింది. చివరిసారి వెళ్లినప్పుడు రేవులో దాదోయ్ చుట్టాలు ఈలలేశారు. “ఏమే, వ్యాన్ పిలవమంటావా?” అన్నారు. అమ్మే వెనక్కి పడవెక్కించి, మళ్లీ తను కబురు పెట్టేదాకా రావద్దంది. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

“అమ్మ ఎలా ఉంది?” ఉండబట్టలేక అడిగేసింది.

“పొద్దుగూకేసరికి రేవు వైపు చూస్తా కూచుంటుంది. నేనూ అటే చూస్తాను. మా మధ్య మాటల్లేవుగానీ, ఇద్దరం చూసేది ఆ పడవ కోసమే.”

“మీవాడు వస్తాడు లెండి. ప్లీడరు ఆశ పెట్టాడటగా.”

“పెట్టాడు. నా సాక్ష్యం ఒక్కటీ పై జడ్జీలు నమ్మితే చాలట, పండగనాటికి ఇంట్లో ఉంటాడట.” ముసలమ్మ గొంతు మెత్తబడింది. “వాడి చాప ఎండలో వేసి వచ్చాను. ఎర్ర పుంజు ఉంది, ఎవరడిగినా ఇవ్వలేదు, వాడొచ్చాక కోద్దామని. వంటింట్లో పిల్లి గిన్నె కదిపినా వాడే అనుకుని లేస్తాను. నాకు వాడొక్కడే ఇందాయ్.”

“నమ్ముతారు. ఎందుకు నమ్మరూ? కోర్టులో శిలువని ముద్దు పెట్టుకుని మరీ చెప్పారుగా, జ్వరంతో ఇంట్లో పడుకున్నాడని!” జోవెలిన్ మిషను ముందు నుంచి లేచింది. “నేను వాడి మొహం చూశాను నానాయ్. పేరు పెట్టి అరిచాను. ‘దాదోయ్ అన్నా, నేను, జోవెలిన్‌ని’ అని. తెలిసినవాడు కదా, వదిలేస్తాడనుకున్నాను.”

ముసలమ్మ అరటాకు పొట్లం పక్కకి జరిపింది. తర్వాత సంచీలోంచి తెల్ల కాగితం, పెన్ను తీసింది.

“ఒక్క ఉత్తరం రాసిపెట్టు. అప్పీలు కోర్టుకి.”

జోవెలిన్ నవ్వింది. కాగితం రావడం ఇది మూడోసారి. మొదటిది ఈవిడ తమ్ముడు తెచ్చాడు, రెండోది ఊరి పెద్ద. రెండిట్లోనూ ఒకటే రాసుంది: జరిగింది నా ఇష్టంతోనే, కేసు వద్దు. సంతకం పెడితే మర్నాడే దీవికి రావచ్చన్నారు, ఎవరూ పల్లెత్తు మాట అనరన్నారు. అబద్ధమెందుకు, రెండోసారి పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. అమ్మ పక్కన పడుకుని అలల చప్పుడు వినాలని అంతగా అనిపించింది. ఆఖరి క్షణంలో చింపేసింది.

“నేను సంతకం పెట్టను.”

“నీ సంతకం ఎవరడిగారు? నా వేలిముద్ర వేస్తాను. నాకు రాయడం రాదు, అందుకని వచ్చాను.”

“దానికి సముద్రం దాటి రావాలా? ఊళ్లో టీచరమ్మ లేదూ? ఫాదరు లేడూ? ప్లీడరు గుమస్తా చచ్చాడా?”

“అందరూ ఉన్నారు. వాళ్లు ఏం రాశారో నాకెలా తెలుస్తుంది, చదవలేనుగా? నేను చెప్పింది చెప్పినట్టు రాసేది లోకంలో నువ్వొక్కదానివే.”

జోవెలిన్‌కి అర్థం కాలేదు. విసురుగా పెన్ను లాక్కుంది.

“చెప్పండి.”

పానింగ్ ముసలమ్మ గౌను సర్దుకుని, కోర్టు బోనులో నిలబడ్డట్టు నిటారుగా లేచి నిలబడింది.

“జడ్జీగారికి... పానింగ్ అనే నేను, దాదోయ్ కన్నతల్లిని... వాడు ఇంటికొస్తే చాలని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని...” ఊపిరి తీసుకుంది. “రాశావా?”

“రాశాను.”

“ఆ రోజు నా కొడుకు ఇంట్లో లేడు. అదీ రాయి.”