పంపుషెడ్డు వెనక చెట్టు

"ఆ సంచీలో ఏముందో చూపించండి."

బేరిపండ్ల పరిశోధన తోట ఆఫీసరమ్మ గొంతు వినగానే పెద్దాయన గతుక్కుమన్నాడు.

సంచీలో తడిగుడ్డ చుట్టిన లేత పుల్లలు. అన్నీ ఏడో వరసలోని అడవి బేరి చెట్లవే. గోలీకాయంత కాయలు, నోట్లో పెడితే ఒట్టి వగరు. ఆ వరస మొత్తం కొట్టేసి కొత్తవి నాటమని ఆవిడ ఆర్డరు వేసి రెండు రోజులైంది.

"పట్టపగలు దొంగతనమా? ఈ వయసులో ఇదేం బుద్ధి?"

"ఎలాగూ రేపు కొట్టేస్తున్నారట కదమ్మా."

"కొట్టేస్తాం. పనికిరాని చెట్లు మరి!"

"నాకూ ఒకప్పుడు అలాగే అనిపించిందమ్మా."

"మీకేం తెలుసని!"

పుల్లలు లాక్కుని చెత్తమంటలో వేయించింది. లోపలికి రానిచ్చినందుకు వాచ్‌మన్‌కూ చీవాట్లు పెట్టింది. పెద్దాయన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పూత వచ్చింది. దాని వెనకే తెగులూ వచ్చింది.

కొమ్మలు నిప్పు తగిలినట్టు మాడిపోసాగాయి. పన్నెండేళ్ళుగా ఆవిడ కంటికి రెప్పలా చూసుకున్న కొత్త రకం వారంలో నల్లబడింది. తెగులుకు తట్టుకునే చెట్టు ఒక్కటి దొరికితే చాలు, దానితో సంకరం చేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. తోటంతా కాళ్ళరిగేలా తిరిగినా దొరకదే!

వాచ్‌మన్ తల గోక్కుంటూ వచ్చాడు.

"తిట్టనంటే ఓ మాట మేడమ్. పంపుషెడ్డు వెనక చెట్టు చూశారా?"

వెళ్ళి చూసింది. చెట్టు ఒక్కటే, ఆకులు మాత్రం కొమ్మకో రకం. ప్రతి కొమ్మకూ అంటుకట్టిన మచ్చ, రేకుముక్క మీద చేత్తో చెక్కిన నంబరు. దాదాపు అన్నీ మాడాయి. ఒక్కటి పచ్చగా నవనవలాడుతోంది.

నంబరు 7/14, అంటే ఏడో వరసలో పద్నాలుగో చెట్టు. ఏడు అంకె మీద అడ్డగీత. అయ్యో, ఆవిడ కొట్టించిన వరసే!

"ఆ పెద్దాయన ఏటా చలికాలంలో వచ్చి అంటు కట్టేవారండీ. ఏడో వరసలో ఇదొక్కటే కట్టడం అయింది. మిగతావి మీరు మంటలో..."

వాచ్‌మన్ నాలిక్కరుచుకున్నాడు.

"బతికించారయ్యా మహానుభావుడు! ఎక్కడుంటారు? కాళ్ళ మీద పడతాను."

"పోయిన నెలే పోయారండీ."

ఆవిడ ఆ కొమ్మను మెల్లగా దగ్గరికి వంచుకుంది.

"మీ మేలు మర్చిపోను పెద్దాయనా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ 7/14 చెట్టును అసలు ఎక్కడి నుంచి తెచ్చారో చూద్దామని ఆఫీసుకు వెళ్ళి పాత రిజిస్టరు తీయించింది. పేజీలు తిప్పుతుంటే ఒకచోట చెయ్యి ఆగింది. ఏడు అంకెలన్నిటి మీదా, రేకుముక్క మీదిలాగే, అదే అడ్డగీత.

ముప్పై ఏళ్ళ కిందట ఇదే కుర్చీలో కూర్చుని, రెండు వందల అడవి రకాలకు ఎదురుగా ఎర్ర సిరాతో "పనికిరాదు, కొట్టించవచ్చు" అని రాసి సంతకం పెట్టిన ఆఫీసరు ఆ పెద్దాయనే.