కోడలి హస్తవాసి

“నీ హస్తవాసి మంచిదే అమ్మాయ్! కొత్తిమీర మడి నిండా ఎలా మొలిచిందో చూడు. మీ మామయ్య ఇంత చలిలోనూ పొద్దున్నే లేచొచ్చి, చూసి, మెచ్చుకుని మరీ వెళ్లారు,” అంది అత్తగారు నీళ్ల చెంబు కింద పెడుతూ.

కోడలు ధనియాలు నానబెట్టిన మాట నిజం. చలికి దుప్పటి వదల్లేక, “చల్లేశానత్తయ్యా” అని అబద్ధమాడిన మాట అంతకన్నా నిజం.

వంగి చూసింది. మొలకలు దారం పట్టి గీసినట్టు వరసగా ఉన్నాయి. ఈ ఇంట్లో అంత తిన్నగా విత్తేది ఒక్కరే.

“అత్తయ్యా, నేనసలు చల్లనే లేదు.”

“తెలుసులే. గిన్నెలో నానీ నానీ మొలకలొచ్చేస్తుంటే నేనే తెచ్చి విత్తాను.”

“అయితే నా పరువు పోకుండా కాపాడారన్నమాట!”

“ఆహా, నీ మీద అంత ప్రేమే నాకు!” అత్తగారు నవ్వింది. “ఇన్నేళ్లుగా ఈ మడి వేస్తున్నది నేనే. మీ మామయ్య తినడమే గానీ, బాగుందని ఒక్కసారి అన్న పాపాన పోలేదు. ఈసారి నీ పేరు చెప్పాను. మెప్పు ఎలా ఉంటుందో చెవులారా విన్నాను.”

ఆవిడ నవ్వుతూనే అంది. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. కొంగు బిగించి వసారా వైపు కేకేసింది.

“మామయ్యగారూ! పొద్దున మెచ్చుకున్నారట కదా, ఆ ముక్క ఇటొచ్చి మళ్లీ చెప్పండి. ఈసారి అత్తయ్య మొహం చూసి!”