చెప్పకుండా మానేసిన చుక్కడు

జొన్న చేను పక్కన తుప్పల్లో కౌజు పిట్టలకో బడి ఉండేదంట. పంతులమ్మ సింగమ్మ పొద్దున్నే పేర్లు పిలిచేది. రానోళ్లు ముందురోజే చెప్పాలి. చెప్పకుండా ఎవరైనా మానేస్తే, ఉచ్చులో పడ్డారనుకుని బడంతా చదువాపేసి చేలోకి వెతకడానికి దిగాలి. అదీ రూలు.

ఆ రోజు చుక్కడు ఎవరికీ చెప్పకుండా చెదల పుట్ట దగ్గరే ఉండిపోయాడు. నాలుగు చెదలు తిన్నాడో లేదో, చేలోంచి పిలుపులు మొదలయ్యాయి.

"చుక్కా, ఎక్కడున్నావురా?"

పలకాలనుకున్నాడు. ఇంతసేపూ ఏం చేశావని అడిగితే? పుట్ట వెనక్కి దూరాడు. బయటికొచ్చాడు. మళ్లీ దూరాడు.

"వాడు తిండి కోసం ఉచ్చులోకైనా తల పెడతాడు," అంటోంది వాడి నేస్తం గవ్వ, ఏడుపు గొంతుతో. "కాలవ వైపు చూద్దాం పంతులమ్మా."

"అటు ఉచ్చులెక్కువ. మీరు ఈ సాళ్లలో చూడండి, అటు నేనెళ్తా," అంది సింగమ్మ.

కాసేపటికి కాలవ వైపు నుంచి రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడొచ్చింది. చుక్కడు పరిగెత్తాడు. సింగమ్మ కాలికి ఉచ్చు బిగిసుంది.

"పంతులమ్మా, నేను పుట్ట దగ్గరే..."

"అది తర్వాత చెబుదువుగాని," అంది సింగమ్మ ఆయాసపడుతూ. "ముందు నువ్వున్నావని కేకెయ్యి. పిల్లలింకా నీకోసం తిరుగుతున్నారు."

అందాకా రాని గొంతు అప్పుడొచ్చింది. ఒక్కొక్కళ్లూ వచ్చి ఉచ్చు తాడు తెంపడానికి ముక్కు పెట్టేదాకా చుక్కడు చేనంతా వినబడేలా అరుస్తూనే ఉన్నాడు.