సీసాలమ్మ పిడి వదల్లేదు

"బోల్టులు విప్పు" అన్నాడు సూపరింటెండెంటు.

బండి తోసుకొచ్చిన అటెండరు పానా పట్టుకుని వంగాడు. సీసాలమ్మ కుడిచేత్తో మిషన్ పిడి తిప్పుతూనే ఉంది. ఎడమచేతిని మాత్రం బోల్టు మీద పెట్టి గట్టిగా మూసింది.

"విప్పు నాయనా. నా వేళ్ళ మీదుగా విప్పు."

అటెండరు పానా వెనక్కి తీసుకున్నాడు.

తల్లిపాలు అందని పసికందుల వార్డును ఆనుకుని ఉన్న గది అది. రాతి గట్టు మీద బిగించిన ఇనప మిషన్. పిడి తిప్పితే పళ్ళచక్రం తిరుగుతుంది, దాంతోపాటు నిలువుగా ఉన్న నాలుగు బ్రష్షులూ తిరుగుతాయి. పాలసీసాలను వాటి మీద బోర్లించి విడతకు అరవై చుట్లు తిప్పాలి. తర్వాత చిల్లుల పళ్ళెంలో పేర్చి, పక్కనున్న ఆవిరి డబ్బాలోకి దించి మూత బిగించాలి. ఈ పని చేసీ చేసీ ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా మిగల్లేదు.

సూపరింటెండెంటుకు ఒళ్ళు మండింది. ఇరవై రోజుల కిందట పక్కగదిలో కరెంటు మిషన్ పెట్టించాడు. అది బ్రహ్మాండంగా పనిచేస్తోందనీ, చేతి మిషన్‌తో ఇక అవసరం లేదనీ ఈరోజే పై ఆఫీసుకు రాసి పంపాలి. కాగితం టైపు చేయించి జేబులో పెట్టుకునే వచ్చాడు. ఇంత పెద్ద ఆసుపత్రిలో తన మాటకు ఎదురు లేదు, ఈ ఒక్క గదిలో తప్ప.

"చూడమ్మా, నీ ఉద్యోగానికి ఢోకా లేదు. దుప్పట్ల గదిలో వేస్తాను. కూర్చుని మడతలు పెట్టుకోవచ్చు."

"ఉద్యోగం కోసం కాదు సార్."

"మరి దేనికి?"

"పది గంటల పాలకు సీసాలు కావాలి."

"ముప్పై రెండు ఊయలలకూ కొత్త మిషనే కడుగుతుంది."

"దీన్ని ఓ మూల ఉండనివ్వండి. తిండి అడుగుతుందా, నీళ్ళు అడుగుతుందా?"

"తుప్పు పట్టిపోయింది."

ఆమె పిడి ఆపకుండానే చక్రం వైపు గడ్డంతో చూపించింది. "ఎక్కడో ఒక్క మరక చూపించండి. నేనే విప్పి బండిలో పెడతాను."

సూపరింటెండెంటు కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. నూనె పట్టించిన పళ్ళు నిగనిగలాడుతున్నాయి. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. వార్డులోంచి రిజిస్టరు తెప్పించి ఆమె ముందు తెరిచాడు.

"ఎడమ వరస పదహారు ఊయలలకు నీ సీసాలు. కుడి వరస పదహారింటికి కొత్త మిషన్ సీసాలు. ఈ ఇరవై రోజుల్లో కుడి వరసలో ఒక్క బిడ్డకు వాంతి లేదు, విరేచనం లేదు. నిజమా, అబద్ధమా?"

"నిజమే సార్. పిల్లలు బాగున్నారు. అంతకన్నా ఏం కావాలి."

"మరి కొత్త మిషన్‌లో ఏం లోపం కనిపించింది నీకు? చెప్పు, వింటాను."

సీసాలమ్మ పిడి ఆపకుండానే ఎడమచేత్తో సీసా ఒకటి ఎత్తి, కిటికీ వెలుగుకు అడ్డంగా పెట్టి చూసింది. దాన్ని పళ్ళెంలో పెట్టి, చేతిని మళ్ళీ బోల్టు మీదికి తెచ్చింది.

"దాని మీద నేను చాడీలు చెప్పను. దీని సంగతి అడగండి, చెప్తాను."

"లోపం లేదంటావు, వదలనంటావు. ఇది మొండితనం కాదా?"

"మొండితనమే."

అటెండరు నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

"సస్పెండ్ చేస్తాను" అన్నాడు సూపరింటెండెంటు.

"చేయండి. జీతం లేకుండా కడుగుతాను. గేటు దగ్గర ఆపితే గోడ దూకి వస్తాను. నేను పోయాక మాత్రం మీ ఇష్టం. ఇప్పుడైతే ఇది కదలదు, నేనూ కదలను."

గొంతు పెంచలేదు. పిడి తిప్పుతూనే ఉంది. ఆమె అంత నిబ్బరంగా ఉండడమే సూపరింటెండెంటుకు మరీ కంపరంగా ఉంది. మొరపెట్టుకుంటే జాలి పడేవాడు. తిడితే తిట్టేవాడు. రాయిలా నిలబడ్డ మనిషిని ఏం చేయాలో ఏ రూలులోనూ రాసి లేదు.

"సరే. కాగితం ముందు ఎవరి మొండితనమూ చెల్లదు" అని, కొత్త మిషన్ నడిపే మెకానిక్కుకు కబురు పెట్టాడు.

మెకానిక్కు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. మొన్ననే తండ్రయిన కుర్రవాడు. బోల్టు మీదున్న సీసాలమ్మ చేతిని చూశాడు, బండిని చూశాడు. మొహం పాలిపోయింది.

సూపరింటెండెంటు జేబులోంచి కాగితం తీసి గట్టు మీద పరిచాడు. "ఇరవై రోజులుగా నీ మిషన్ కడిగిన సీసాలతో పదహారు మంది పిల్లలూ క్షేమంగా ఉన్నారు. అదే రాయించాను. ఇక్కడ సంతకం పెట్టు. ఈ సామాను బయటికి పోతుంది."

కుర్రవాడు కలం తీశాడు. కాగితం ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు.

సీసాలమ్మ మొదటిసారి పిడి ఆపింది. అతని కళ్ళలోకి చూస్తూ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అంత పొగరూ ఏమైంది? చివరికి పిల్లకాయను బతిమాలే దాకా వచ్చిందన్నమాట. సూపరింటెండెంటుకు లోలోపల హాయిగా అనిపించింది.

"ఆమెనేం చూస్తావు? పెట్టు."

మెకానిక్కు కలానికి మూత బిగించాడు.

"ఇక దాచడం నా వల్ల కాదు పిన్నీ" అని ఆమెతో అని, సూపరింటెండెంటు వైపు తిరిగాడు. "ఆ మిషన్ మొదటిరోజు సాయంత్రమే ఆగిపోయింది సార్. నా ఉద్యోగం పోతుందని కాళ్ళు పట్టుకుంటే, అప్పటినుంచి కుడి వరస సీసాలు కూడా పిన్నే కడుగుతోంది."