పిడికెడు బొగ్గులు

గాలి లెక్కలు వచ్చాక ఇంటికి నెలకు పిడికెడు బొగ్గులకే అనుమతి. అంతకు మించి పొగ లేస్తే గోడ మీది మీటరు కూస్తుంది. మనవరాలు పుట్టి ఇల్లు చేరిన సంబరంలో వీరేశం కోడిముక్కలు కాల్చడానికి డాబా మీద ఆ బొగ్గులు పేర్చాడు.

"గ్యాసు మీద కాల్చరాదు?" అంది భార్య సుగుణ.

"గ్యాసు మీద ఆ రుచి యాడికెల్లి వస్తది?"

"మరి రేపు పిల్లకు తానం పోసినంక సాంబ్రాణి దేని మీద ఏస్తం?"

వీరేశం బొగ్గులు తీసి గ్యాసు వెలిగించాడు. ముక్కలు ఉడికినట్టున్నాయే తప్ప కాలినట్టు లేవు.

తెల్లారి నిప్పుల మీద సాంబ్రాణి గుప్పుమంది. పసిది హాయిగా నిద్రపోయింది. నిన్నటి ముక్కొకటి పుల్లకు గుచ్చుకుని వీరేశం గుమ్మంలో తచ్చాడుతున్నాడు.

"రా, నిప్పులింకా ఆరలే," అంది సుగుణ.