ఉండా

చీరల అంగడి కోసం మమత రాసిన ప్రోగ్రామ్‌కు తెలిసినవి రెండే మాటలు. రంగు పేరు కొడితే అర్రేలో, అంటే సరుకు జాబితాలో వెతుకుతుంది. దొరికితే ‘ఉండాది’ అంటుంది, దొరక్కపోతే ‘లేదు’ అంటుంది. ఆ రాత్రి ఊరికే, చనిపోయిన నాయన పేరు కొట్టింది: గంగాధర.

‘ఉండా’ అని వచ్చింది.

ఎవరన్నా పిలిస్తే మగ్గం గుంతలోంచి నాయన పలికే మాట అది. ప్రోగ్రామ్ కోడ్ అంతా వెతికింది. ఆ మాట యాడా లేదు. ఇది తమ్ముడి పనే అనుకుని హిందూపురానికి ఫోన్ చేసింది.

“వేణూ, నా ల్యాప్‌టాప్‌లో ఏం కెలికినావురా?”

“నేను ముట్టనే లేదక్కా.”

“నాయన పేరుతో ఎగతాళా?”



“అక్కా, మగ్గం అమ్మేసినాం కదా?”

“ఎప్పుడో. ఆ గది ఖాళీగా ఉండాది. ఏమిరా?”

“మరి నీ వెనకాల ఆ మగ్గం చప్పుడేంది?”