లేని కుర్చీల ఆర్డరు

“మా నలభై కుర్చీలు ఎక్కడ?”

కంప్యూటర్ తెర మీద ఆ ఒక్క ముక్కే ఉంది. కింద ‘మేనేజర్’ అని ఉంది. సేల్స్ దాన్ని మళ్ళీ చదివి, పక్కనున్న అకౌంట్స్ భుజం తట్టింది.

ఈ కోర్సు మొదలయ్యాక క్లాసులో ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవడం లేదు. ఉత్తరాలు టైపు చెయ్యడం, లెక్కల పట్టికలు వెయ్యడం విడివిడిగా నేర్పితే ఒంటబట్టవని, ఒక వ్యాపారం నడుపుతున్నట్టు అన్నీ కలిపి చెయ్యాలని మాస్టారి సిద్ధాంతం. అందుకని జట్టుకో ఉత్తుత్తి కంపెనీ అప్పజెప్పి, తలా ఒక పదవి అంటగట్టారు; ఆమె సేల్స్, అతను అకౌంట్స్. వీళ్ళ వాటాకి ఆఫీసు కుర్చీల కంపెనీ వచ్చింది. దానికి పేరుంది, గుర్తుంది, రంగురంగుల ధరల పట్టిక ఉంది. కుర్చీలు మాత్రం లేవు.

“ఇది పక్క సెక్షన్ వాళ్ళ పనే. మనల్ని ఆడిస్తున్నారు,” అన్నాడు అకౌంట్స్.

“నేనూ అలాగే అనుకున్నా. అందుకే వచ్చేవారం పంపిస్తామని దర్జాగా జవాబిచ్చా.”

“ఎప్పటి వచ్చేవారం?”

“అదీ అయిపోయింది.”

ఇంతలో ఆమె ఫోను మోగింది. కంపెనీ ఉత్తరాల మీద ఆమె నంబరే వేసుకున్నారు మరి.

“ఏమ్మా, పిల్లలాటనుకున్నారా? మా లాయరుతో మాట్లాడేశాం,” అంది అవతలి గొంతు. ఫోను పెట్టేశారు.

పక్క సెక్షన్‌లో అంత బొంగురు గొంతు ఎవరికీ లేదు. సేల్స్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఒకే ఉత్తరం పేర్లు మారుతూ అందరికీ వెళ్ళేలా చేసే పాఠం నేర్చుకున్న రోజున పక్క సెక్షన్‌కి మాత్రమే పంపమన్నారు మాస్టారు. పాత బ్యాచ్ వాళ్ళు కంప్యూటర్లో వదిలేసిన చిరునామాల్లో ఏదో ఆఫీసు కనిపిస్తే, ఘనంగా ఉంటుందని దాన్నీ కలిపేసింది. ఎవరు కలపమన్నారు తనని?

“లేని కుర్చీలకి ఇంత తొందరేంటి? వీళ్ళెవరో మాయగాళ్ళు,” గొంతు తగ్గించాడు అకౌంట్స్. “రేపు కాలేజీ మీద కేసంటారు, ఎల్లుండి బేరానికొస్తారు.”

“మాస్టారే మనల్ని పరీక్షిస్తున్నారేమో?”

“నేను పెట్టే పరీక్షల్లో లాయర్లుండరమ్మా,” అన్నారు వెనక నుంచి మాస్టారు. ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డారో! ఉత్తరాలన్నీ చదివి, ఆమెను ఎగాదిగా చూశారు. “నిజంగానే వ్యాపారం మొదలెట్టావా ఏంటి, కాలేజీ పేరు మీద?”

“అయ్యో, లేదు సార్!”

“అయితే వెళ్ళి తేల్చుకురా. వాళ్ళు వదిలేశామని రాసిచ్చేదాకా నిన్ను పరీక్షకి కూర్చోనివ్వను.”

సేల్స్‌కి పిన్ని కళ్ళముందు మెదిలింది. ఈ కోర్సు గట్టెక్కితే పిన్ని పనిచేసేచోట ఉద్యోగం ఖాయం. పిన్ని అప్పుడే ఆఫీసంతా టముకు వేసేసింది, మా అక్క కూతురొస్తోందని. ఇప్పుడు పరీక్షే రాయనివ్వకపోతే పిన్నికి మొహం ఎలా చూపించాలి?

అకౌంట్స్‌ని తోడు తీసుకుని బయల్దేరింది. ఆ చిరునామా ఒక జిరాక్స్ షాపు పైఅంతస్తు. మెట్లెక్కగానే పొడవాటి హాలు. నాన్న వయసువాళ్ళు వరసల్లో కూర్చుని కంప్యూటర్ల మీద పనిచేస్తున్నారు. వీళ్ళు అడుగుపెట్టగానే అందరూ ఒక్కసారే తలలెత్తారు.

“చూడు,” చెవిలో గొణిగాడు అకౌంట్స్, “ఉన్న కుర్చీలే సగం ఖాళీ. ఇంకో నలభై ఎక్కడ వేస్తారట?”

ఆమెకీ అదే అనుమానం. దానికి తోడు మూలన ఒకావిడ కూర్చుని, వీళ్ళనే చూస్తూ ఏదో రాసుకుంటోంది. లాయరు ఈవిడే అయ్యుంటుంది.

“పర్చేజ్! ఆ కుర్చీల ఫైలు తీసుకురండి,” అని కేకేశాడు ఎదురు బల్ల దగ్గర టై కట్టుకున్న పెద్దాయన. తల నెరిసింది. గొంతు అదే బొంగురు గొంతు. “కూర్చోండి. సరుకేదీ?”

సేల్స్ కూర్చోలేదు.

“సార్, కుర్చీలు లేవు. అసలు మా కంపెనీయే లేదు. అదంతా కాలేజీ ప్రాజెక్టు. మీకు ఉత్తరం పంపడం నా పొరపాటే.”

మూలనున్నావిడ కాగితం మీద ఇంకేదో రాసుకుంది.

“లేదా?” అన్నాడు మేనేజరు. “మరి ఇన్నాళ్ళూ నేను పోట్లాడింది ఎవరితో?”

“నాతోనే సార్.” ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. “కేసు పెట్టకండి. వదిలేశామని ఒక్క ముక్క రాసివ్వండి. లేకపోతే నన్ను పరీక్షకి కూర్చోనివ్వరు. చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోతుంది.”

పర్చేజ్ అనే ఆయన ఫైలు పట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. మేనేజరు గొంతులో బొంగురు తప్ప కోపం మిగల్లేదు. టై వదులు చేసుకున్నాడు. నుదుట చెమట తుడుచుకున్నాడు. ఆమె వైపు జాలిగా చూసి, మెల్లగా మూలనున్నావిడ వైపు తిరిగాడు.

“మరి నన్ను పరీక్షకి కూర్చోనిస్తారా, టీచరుగారూ?”